పిలుపుబండ దగ్గరికి రావద్దు

చిరంజీవి సౌభాగ్యవతి యశోదకు నీ అక్క కళావతి దీవించి రాస్తున్నది.

రామయ్య చల్లని చూపు వల్ల ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. పాల్వంచలో నువ్వూ మరిదీ ఏ నలతా లేకుండా ఉన్నారని అనుకుంటున్నాను. మీ క్వార్టర్ల ప్రమీలారాణి మా హోటల్ ముందు ఆటో దిగి నీ ఉత్తరం నా చేతిలో పెట్టింది. "మీ చెల్లె ఇంట్ల ఎవరికి చెప్పొద్దన్నది" అని గుసగుసగా చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. మరిదికి తెలియకూడని మాట ఏముంటుందా అని పెనం దగ్గరే నిలబడి చదివాను. దోసె మాడిపోయింది. తినేవాళ్ళ చేత మాటలు కూడా పడ్డాను.

నా నడుము నొప్పి సంగతి అడిగావు. గ్రైండర్ వచ్చాక చాలా నయం. రెండు బల్లలు వేసుకుని హోటల్ అని పేరు పెట్టుకున్నావని వెక్కిరించేదానివి కదా, ఇప్పుడు మూడో బల్ల కూడా వేశాం. మీ బావ ఆటోకు కిరాయిలు బాగానే దొరుకుతున్నాయి. ఈ రోజు చర్ల వైపు వెళ్ళాడు. ఎండలు ముదిరాయి, గోదావరిలో ఇసుక తేలింది.

ఆదివారం మరిదికి గుడికని చెప్పి ఒక్కదానివే వస్తానని, దారిలో ఎవరినీ నమ్మలేక భయంగా ఉందని రాశావు. ఆ భయం మంచిదే. భద్రాచలం బస్టాండులో చెయ్యి పట్టి లాగే ఆటోవాళ్ళు మా ఊరికి పోను ఒక రేటు చెప్పి, రాను ఇంకో రేటు అంటారు. ముందే రెండూ మాట్లాడుకోవాలి. టికెట్ గుడి కౌంటర్‌లోనే కొనాలి. అడగకుండానే చేతికి దారం కట్టేవాళ్ళకు చెయ్యి అందివ్వకూడదు. సీతవాగులో సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని రాళ్ళు చూపిస్తారు కదా, ఆ రాళ్ళ పొడి అని ఎర్రమట్టి పొట్లాలు అమ్ముతారు. ఆ పొట్లాలు మా హోటల్ వెనకే కడతారు, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మెడలో కార్డు వేసుకున్న ప్రతివాడూ గైడ్ కాదు. గైడ్ వెంకటకృష్ణ మెడలోని కార్డు వాడు సొంతంగా అచ్చు వేయించుకున్నదే.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. పిలుపుబండ నిజమేనా, ప్రమీలారాణికి చనిపోయిన భర్త గొంతు వినిపించిందట, నీకు మన శ్యామల గొంతు వినిపిస్తుందా అని అడిగావు. మోసమైతే మోసమే అక్కా, ఒక్కసారి వింటే చాలు అని కూడా రాశావు. ఆ మాట చదివి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పిల్ల పోయి ఏడాది దాటినా నీ గుండె మంట తగ్గలేదని నాకు తెలుసు.

పిలుపుబండ అనే పేరు మన పెద్దవాళ్ళెవరూ ఎరగరు. వెంకటకృష్ణ పెట్టిందే. వాగు దాటి టేకు చెట్లలోకి వెళితే ఒక పెద్ద బండ ఉంది. మారీచుడు రాముడి గొంతుతో అరిచింది అక్కడేనని, అప్పటి నుంచి ఆ అడవికి గొంతులు గుర్తుంటాయని కథ కట్టాడు. మీ బావతో పాటు స్టాండులో ఉండే ఒక ఆటోవాడు దారి పొడుగునా తియ్యగా మాట్లాడి, ఎవరి కోసం బాధపడుతున్నారు, ఏమని పిలిచేవారు అని రాబడతాడు. ఆ ముక్కలు ఫోనులో వెంకటకృష్ణకు చేరతాయి. బండ కింద ఆకుల్లో చిన్న స్పీకర్ దాచి ఉంటుంది. అందులోంచి "బాగున్నవా" అని ఒక గుసగుస వస్తుంది. మిగతాది మనిషి దుఃఖమే వింటుంది. ఇదంతా నీకు రాసి ఊరుకుందామనుకున్నాను.

ఈలోపు వెంకటకృష్ణ మా హోటల్‌కు వచ్చాడు. ఎప్పుడూ గొంతు చించుకుని మాట్లాడేవాడు, గోడకు ఆనుకుని నోట్లో నోట్లోనే చెప్పాడు.

"స్పీకర్ పీక్కొచ్చిన అక్కా. అయినా పిలుస్తున్నది."

"ఏంది పిలిచేది?"

"మా అమ్మ. గిప్పుడు కూడ మీ హోటల్ ఎన్క నుంచి పిలిచింది."

వాడి తల్లిని కాల్చినప్పుడు మీ బావ కట్టెలు మోశాడు. ఇదేదో కొత్త ఎత్తు, ఇంకా జనాన్ని రప్పించడానికి వేసిన వేషం అనుకున్నాను. నా కళ్ళతో చూసి, అక్కడ ఏమీ లేదని ఒట్టు వేసి నీకు రాయాలనిపించింది. మొన్న టిఫిన్లు అయిపోయాక మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. శ్యామల పేరు మనసులో తప్ప ఎక్కడా అనలేదు.

బండ కింద స్పీకర్ పెట్టిన గుంత ఖాళీగా ఉంది. తెగిన వైరు ముక్క పడి ఉంది. చుట్టూ చెయ్యి పెట్టి వెతికాను. చెప్పులో గుచ్చుకున్న ముల్లు తీసుకుందామని కూర్చున్నాను. అప్పటిదాకా చెవులు పగిలేలా అరుస్తున్న కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"పెద్దమ్మా" అని వినిపించింది.

దయ్యం గొంతులా లేదు యశోదా. వంటింట్లోకి వచ్చి అటుకులు పెట్టమని అడిగినట్టుంది. జలుబు చేస్తే మన పిల్ల ముక్కుతో మాట్లాడేది చూడు, అలాగే ఉంది. భయమూ వేసింది, ప్రాణమూ లేచి వచ్చింది.

"అమ్మ రాలేదా?" అని అడిగింది.

"రాలేదు తల్లీ, ఇంట్ల ఉన్నది" అన్నాను.

"ఏ ఇంట్ల?"

చెప్పాను. పాల్వంచలో క్వార్టర్ల చివరి వరస, నీలం తలుపు అని.

"తలుపు ఎవలు తీస్తరు?"

"మీ అమ్మే తీస్తది. నాయిన డ్యూటీకి పోతడు గద" అన్నాను.

తర్వాత ఇంకేమీ అడగలేదు. కీచురాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. నీకు చెప్పకుండా దాచుకున్నది ఇదే. ఎవరికీ ఏదీ చెప్పొద్దని నీకు రాయడానికి వెళ్ళినదాన్ని, నీ గుమ్మం దాకా దారి నేనే చెప్పి వచ్చాను.

వాగు దగ్గర జంపక్క ఎదురైంది. అడవి పక్క పల్లెది, నాకు విస్తరాకులు తెచ్చి ఇస్తుంది. నా మొహం చూసి ఏం విన్నావని అడగలేదు.

"పలికినవా?" అంది.

"అవ్" అన్నాను.

"మేం ఆడ పేరు పెట్టి పిలుచుకోం. ఆకుకు పోతే కట్టెతోని చెట్లను కొట్టుకుంట పోతం. పలికినోళ్ళ దగ్గర్నుంచి అది మాటలు నేర్చుకుంటది."

"ఇప్పుడెట్ల జంపక్కా?"

"మల్ల పిలిస్తే పలకకుండ్రి. ఇసిగి, యాష్టకొచ్చి పోతది" అని, తలమీది మోపు సర్దుకుని వెళ్ళిపోయింది.

నిన్న మీ బావ స్టాండులో ఉండగా వెనక నుంచి "ఏమయ్యా, ఇటు రా" అని నా గొంతు పిలిచిందట. ఆ వేళకు నేను హోటల్‌లో పిండి కలుపుతున్నాను. ఆయన తిరిగి చూస్తే ఎవరూ లేరు. నయం, పలకలేదు. అందుకే నీకు ఫోను చేయడం లేదు. ఇక మీదట నా గొంతు వింటే నేనేనని నువ్వు నమ్మకూడదు. నా వంకర అక్షరాలు మాత్రం నీకు తెలుసు. ఈ ఉత్తరం పాల్వంచ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు ఆదివారం రావద్దు. ప్రమీలారాణి రమ్మన్నా రావద్దు. ఆవిడ ఇక్కడికి రావడం ఇది ఎన్నోసారో, మనిషి సగమైంది. రాత్రికి మీ బావ చర్ల నుంచి వచ్చాక, రేపు తెల్లవారి ఇద్దరం బయలుదేరతాం. ఒక్కదాన్నే ఆ అడవి దారిలో రావాలంటే నాకు భయంగా ఉంది. వచ్చి నీ పేరు పెట్టి పిలవను, తలుపు తడతాను. కిటికీలోంచి మా ఇద్దరి మొహాలూ చూశాకే తియ్యి. మరిదికి ఈ ఉత్తరం చూపించు. తిడితే నన్ను తిట్టమను, రేపటిదాకా మాత్రం డ్యూటీ మానుకుని నీ దగ్గరే ఉండమను.

ఈలోపు గుమ్మంలో "అమ్మా" అని వినిపిస్తే పలకకు. నీ చెయ్యి దానంతటదే గడియ మీదికి పోతుంది, నాకు తెలుసు. ఒక్కసారి చూస్తే ఏం పోయింది, నా బిడ్డే అయితే అనిపిస్తుంది. బండ దగ్గర నాకూ అలాగే అనిపించింది, అందుకే పలికాను. కానీ అది నన్ను ఏ ఇంట్లో అని అడిగింది యశోదా. శ్యామల అయితే ఎందుకడుగుతుంది? మన పిల్ల ఆ ఇంటి గడప పట్టుకునే నడక నేర్చింది.

ఇట్లు,
నీ క్షేమం తప్ప మరేమీ కోరని
నీ అక్క
కళావతి