పింక్ బంతికి ముందు తొమ్మిది సెకన్లు

ఫిబ్రవరి 14, శనివారం

గత సోమవారం ఉదయం గురించి రాసి పెట్టుకోవాలి. ఆ రోజు విశేషమేమీ లేదు. అందుకే మరిచిపోతానేమోనని భయం.

ఆరింటికి హాలు తలుపు తీశాను. నాన్న పోయాక అది నా పనే. ఎనిమిది స్నూకర్ బల్లలు. తమ్ముడు ప్రాక్టీసు చేసేది మూడో నంబర్ మీద, కాబట్టి ముందు దానికే. కవర్ తీసి మడిచాను. బ్రష్ పట్టాను. తర్వాత ఇస్త్రీ పెట్టె. ఆట మొదలుపెట్టే కొస నుంచి నల్ల బంతి ఉండే కొసకు, ఒకే దిక్కుగా. చివరికి వెళ్ళాక పెట్టె ఎత్తి మళ్ళీ మొదటికి రావాలి. వెనక్కి లాగకూడదు. గుడ్డ మీది నూగంతా ఒక వైపుకే పడుకోవాలి. లేకపోతే నెమ్మదిగా దొర్లే బంతి దారి తప్పుతుంది. ముప్ఫై ఏళ్ళుగా నా ఉదయపు ప్రార్థన సగం ఈ బల్ల చుట్టూ నడకలోనే అయిపోతోంది.

తమ్ముడు ఆరున్నరకి వచ్చాడు. నలభై రెండేళ్ళొచ్చాయి, తల సరిగ్గా తుడుచుకోవడం ఇంకా రాలేదు. సూట్‌కేసు తలుపు దగ్గర పెట్టాడు. పదకొండింటికి బయలుదేరాలి, సిరీస్ నాలుగో అంచెకు. కౌంటర్ వెనక టీ కాస్తున్న చెల్లి ఊరుకోదుగా. మావాడు గోడలకు ఆట చూపించడానికి పోతున్నాడు, చప్పట్లు కొట్టే మనిషి కావాలంటే నేనొస్తా, తిండి పెడితే చాలు అంది.

నిజమే. ఈ సిరీస్‌లో ప్రేక్షకులుండరు. ఆరు అంచెలు. ఒక్కో అంచె నాలుగు రోజులు, స్టూడియో లాంటి గదిలో. ఇద్దరు ఆటగాళ్ళు, ఒక రెఫరీ, కెమెరాలు. షాట్‌కు ఇరవై అయిదు సెకన్లు. అయిదు మిగిలాయంటే బీప్ మొదలవుతుంది. ఆరూ అయ్యాక మొదటి ముప్ఫై రెండు మందికే వచ్చే రెండేళ్ళకు టూర్ కార్డ్. కార్డ్ లేనివాడు ప్రొఫెషనల్ కాడు. సోమవారం నాటికి తమ్ముడు నలభై ఒకటో స్థానంలో ఉన్నాడు.

వాడికి ఈ సిరీస్ గిట్టదు. బాత్‌రూమ్‌లో పాడుకున్నట్టుంటుందక్కా, బాగుందో లేదో చెప్పే దిక్కుండదు అన్నాడు. ఆ బీప్ వింటే షాట్ కాదు, బాత్‌రూమే గుర్తొస్తుంది అని కూడా అన్నాడు. చెల్లి నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసింది.

తర్వాత ఆట మొదలుపెట్టాడు. నేను నాలుగో నంబర్ ఇస్త్రీలో ఉన్నాను. వెనక చెక్క అంచు మీద టక్ టక్ మని రెండుసార్లు వినిపించింది. ఎర్ర బంతి మీదుగా వంగినప్పుడు చొక్కా చెయ్యి తగిలిందన్నమాట. అలా తగిలితే ఫౌల్, పాయింట్లూ ఆటా ఎదుటివాడికి పోతాయి.

ఇది నాన్న పెట్టిన నియమం. చొక్కా గానీ వేలు గానీ, బంతికి ఏది తగిలినా ముందు వేలి కణుపుతో చెక్క మీద రెండుసార్లు తట్టాలి. మాట ఆ తర్వాతే. నోరు తెరిచేలోపు మనసు ఒక సాకు వెతుక్కుంటుంది, చేతికి అంత తెలివి లేదు అనేవారు. మా ముగ్గురికీ చిన్నప్పటి నుంచి అదే అలవాటు.

సోమవారం వాడికి ఎదురు ఆడేవాడు లేడు. నేను అటు తిరిగి ఉన్నాను. అయినా తట్టాడు.

నిన్న ఆ అంచె గెలిచాడు. ఇప్పుడు ముప్ఫయ్యో స్థానం.

ఫిబ్రవరి 15, ఆదివారం, ఉదయం 6

ఫైనల్ వీడియో నాలుగోసారి చూశాను.

ఆఖరి ఫ్రేమ్. బల్ల మీద పింక్, బ్లాక్, తెల్ల బంతి. అంతే. పింక్‌కు ఆరు పాయింట్లు, బ్లాక్‌కు ఏడు. తమ్ముడు నాలుగు పాయింట్లు వెనక. ఎదుట మాస్టారు. పూర్వం బడిలో లెక్కలు చెప్పేవారట, ఆటలోకి వచ్చినా ఆ పేరే మిగిలింది. తమ్ముడు బ్లాక్ మీదుగా బాగా వంగాలి. వంగాడు. కొట్టకుండానే లేచాడు. గడియారంలో తొమ్మిది సెకన్లున్నాయి.

అప్పుడు వాడి కుడి చెయ్యి చెక్క అంచు వైపు వెళ్ళింది. వేలి కణుపులు మడిచి ఉన్నాయి. అంచుకు బెత్తెడు దూరంలో ఆగింది. బీప్ మొదలైంది. ఆ చెయ్యి పక్కనున్న, క్యూ కర్ర కొసకు రాసే చాక్ తీసుకుంది. మళ్ళీ వంగాడు. పింక్ పాకెట్‌లో వేశాడు. బ్లాక్ వేశాడు.

బంతి కదిలిందో లేదో వీడియోలో తెలియదు. వాడి భుజం అడ్డం. రెఫరీ అవతలి వైపు. కామెంటరీ అతను, చూడండి, ఒత్తిడిలో చాక్ కోసం చెయ్యి ఎలా తడుముకుంటోందో అన్నాడు.

అది తడుముకోవడం కాదని కనిపెట్టగలిగింది ప్రపంచంలో మా ముగ్గురమే. చెల్లికి అంత ఓపికగా చూసే అలవాటు లేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3

వచ్చాడు. హాల్లో రోజూ ఆడేవాళ్ళంతా క్యూ కర్రలు నేలకు కొట్టి స్వాగతం చెప్పారు. మరదలు స్కూలు లైబ్రరీ నుంచి అడిగి తెచ్చిన పెద్ద అట్ట మీద 30 అని రాసి గోడకు అంటించింది. సిరీస్ వాళ్ళు ఈయన్ని నలభైల్లోంచి ముప్ఫైల్లోకి లాక్కొచ్చారు, వయసు కూడా అలా తగ్గిస్తే బాగుండు అని అందరిముందూ ఆటపట్టించింది.

తమ్ముడు నవ్వాడు. నా వైపు చూడలేదు. అంత చెడ్డ సిరీసేం కాదులే, అలవాటు కావాలంతే అన్నాడు.

ఆరు రోజుల్లో అలవాటైపోయింది.

ఫిబ్రవరి 17

ప్రార్థనకు కూర్చున్నాను. మాట రాలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

సిరీస్ మీద ఆటగాళ్ళ అభిప్రాయాలని టీవీలో అరగంట వేశారు. అందరం హాల్లోనే చూశాం.

ఒక పెద్దాయన, ఆరుసార్లు టైటిల్ గెలిచిన మనిషి, ఇది ఆట కాదు, ఫ్యాక్టరీ షిఫ్టు అన్నాడు. కార్డు కొట్టి లోపలికి వెళ్ళు, కార్డు కొట్టి బయటికి రా. జనం లేని చోట గెలిస్తే ఎవరికి దణ్ణం పెట్టాలి అని అడిగాడు. మా హాల్లో వాళ్ళు అవునవునన్నారు.

ఎడమచేతి వాటం ఆటగత్తె ఒకామె, నాకైతే ఈ గదే హాయి అంది. జనం ఉంటే సగం కళ్ళు నా బట్టల మీదుంటాయి, ఇక్కడ బంతి మీద తప్ప ఎవరి కళ్ళూ ఉండవు. చెల్లి ఆవిడకు చప్పట్లు కొట్టింది.

తర్వాత తమ్ముడు కనిపించాడు. ఎవరూ చూడని చోటే ఆట శుభ్రంగా ఉంటుంది, అక్కడ మనం, బల్ల, అంతే అన్నాడు.

టీవీ కట్టేశాను. ఏంటక్కా, నీ తమ్ముడే కదా మాట్లాడేది అంది చెల్లి. కరెంటు బిల్లన్నాను. మరదలు నన్ను ఒకలా చూసింది.

మార్చి 1, ఆదివారం

హాలు ఫోన్ మోగింది. మాస్టారు.

అక్కగారూ, మీవాడు సెల్ ఎత్తడం లేదు, అభినందనలు చెబుదామంటే దొరకడే అన్నారు. తమ్ముడు బల్ల అవతలే ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు. బయటికి వెళ్ళాడన్నాను. నాకు అబద్ధం అలవాటు లేదు.

ఆయన తొందరలో లేరు. మీ మూడో నంబర్ బల్ల గురించి చాలా విన్నాను, అద్దంలా చేస్తారట అన్నారు. సిరీస్ ఎలా ఉందని నేనే అడిగాను. నాకు నచ్చిందండీ అన్నారు. జనం ఉంటే నేను కాస్త నటిస్తాను. ఓడినా నవ్వుతాను, గెలిచినా తగ్గినట్టు కనిపిస్తాను. ఆ గదిలో ఆ అవసరం లేదు. నేనెలాంటివాణ్ణో నాకే తెలుస్తుంది. అదొక్కటే కష్టం అని నవ్వారు.

ఇప్పుడు ఆయనది ముప్ఫై మూడో స్థానం. అంటే గీతకు ఒక మెట్టు కింద. ఆ మాట ఎత్తలేదు. ఆ పింక్ నేను చేజేతులా ఇచ్చిందే, మీవాణ్ణి మనసులో ఏం పెట్టుకోవద్దనండి అన్నారు.

చెబుతానన్నాను. చెప్పలేదు.

మార్చి 4

ఈ ఉదయం తమ్ముడి చొక్కా నీలం బంతికి తగిలింది. ఫౌల్ అన్నాడు నోటితో. చెక్క మీద తట్టలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇక అనుమానం లేదు.

మార్చి 6, శుక్రవారం

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి మూడో నంబర్‌ను పాడుచేశాను.

ఏ ఆలోచనలో ఉన్నానో, చివరికి వెళ్ళి పెట్టె ఎత్తలేదు. వెనక్కి లాగాను. బల్ల పొడవునా అటూ ఇటూ, చొక్కా ఇస్త్రీ చేసినట్టు. పూర్తయ్యాక గానీ చూసుకోలేదు.

తమ్ముడు వచ్చి నెమ్మదిగా ఒక షాట్ కొట్టాడు. బంతి తాగినవాడిలా పక్కకు పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని వెలుతురుకు గుడ్డ చూశాడు. అక్కా, ఒంట్లో బాగాలేదా, ఇది నీ చెయ్యేనా అన్నాడు.

నీ చెయ్యి ఎందుకు ఆగింది అన్నాను.

అడగాలనుకోలేదు. వచ్చేసింది.

ఏ చెయ్యి అని వాడు అడగలేదు. బెంచీ మీద కూర్చున్నాడు. తగిలిందక్కా అన్నాడు. బ్లాక్ కదిలింది కూడా, వెంట్రుకవాసి. తట్టబోయాను. బీప్ వచ్చింది. ముందు షాట్ కొట్టేసి తర్వాత చెబుదాం అనిపించింది. కొట్టాక, బ్లాక్ కూడా అయ్యాక చెబుదాం అనిపించింది. అది కూడా అయ్యాక మాస్టారు వచ్చి కౌగిలించుకున్నారు. తప్పు గడియారం మీదకు నెట్టనులే. అయిదు సెకన్లు మనిషికి చాలా ఎక్కువ.

తర్వాత, నీకెప్పటి నుంచి తెలుసు అని అడిగాడు. మొదటి రోజు నుంచే అన్నాను. మరెందుకు అడగలేదు, నువ్వు అడిగితే ఆ రోజే చెప్పేసేవాణ్ణి కదా అన్నాడు.

ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ శుక్రవారం నేను ఆట లైవ్‌లో చూశాను. వాడి చెయ్యి ఆగడం అప్పుడే చూశాను. ఆ క్షణాన నా నోట్లోంచి వచ్చిన ప్రార్థన ఇది: దేవుడా, రెఫరీని అటే ఉంచు.

రెఫరీ అటే ఉన్నాడు. అప్పటి నుంచి నాకు ప్రార్థనకు మాట రావడం లేదు.

మార్చి 7, శనివారం, సాయంత్రం 7

అయిదో అంచెకు సోమవారం ప్రయాణం. ఈలోగా తేల్చాలని అయిదింటికి హాలు మూసి మూడో నంబర్ చుట్టూ కూర్చున్నాం. తమ్ముడు, మరదలు, చెల్లి, నేను.

తమ్ముడు అంతా చెప్పాడు. మరదలు ముఖం తెల్లబోయింది. నలభై రెండేళ్ళ మనిషివి, కార్డ్ పోతే పద్దెనిమిదేళ్ళ వాళ్ళతో క్వాలిఫయర్లు ఆడుకోవాలి, నడుము ఒప్పుకుంటుందా అంది. చెల్లి అయితే ఏకంగా లాయరైపోయింది. వెంట్రుకవాసి కదిలితే ఏం కొంప మునిగింది, కెమెరాకే కనిపించనిది నీకెలా కనిపించిందిరా అంది. నాకు కనిపించింది, అదే కదా గొడవ అన్నాడు తమ్ముడు. 

ఉత్తరం రాసిస్తాను, రేపు సిరీస్ ఆఫీసుకు పంపుతాను అన్నాడు. మరదలు, ముందు మాస్టారుకు ఫోన్ అంది. ఆయనకు ఈ సంగతి ఆఫీసు కాగితంలో తెలియకూడదు.

ఫోన్ అయింది. మా ముందే.  బ్లాక్ ఎటు కదిలింది అని మాత్రం అడిగారట మాస్టారు. జవాబు విని పెట్టేశారట.

ఇక నా వంతు. చెక్క మీద రెండుసార్లు తట్టాను. నీకేం తగిలిందక్కా అంది చెల్లి. ఆ ప్రార్థన సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

నిర్ణయించినవి: ఉత్తరం రేపు. ఆఫీసు రమ్మంటేనే సోమవారం ప్రయాణం. కార్డ్ పోతే క్వాలిఫయర్లకు కారు చెల్లి నడుపుతుంది. గోడ మీది 30 మరదలే తీసేసింది. మూడో నంబర్‌కు కొత్త గుడ్డ వద్దు. రోజూ ఒకే దిక్కుకు ఇస్త్రీ చేస్తే నూగు మళ్ళీ పడుకుంటుంది. ఎన్నాళ్ళకని తమ్ముడు అడిగాడు. తెలియదన్నాను.