దించిన చూపు ఎక్కడ పడింది

2004 జూన్ 4, శుక్రవారం

ఇవాళ జుమా ప్రసంగంలో ఇమాం గారు చూపు గురించి చెప్పారు. పరాయి ఆడవాళ్ళు ఎదురైతే చూపు దించుకోవాలట. "ఇదివరకు పాపం కోసం బజారుకి వెళ్ళాల్సొచ్చేదండి. ఇప్పుడు కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంటోంది" అన్నారు. మసీదులో సగం మంది నా వైపు తిరిగారు. రామచంద్రపురంలో నెట్ సెంటరులో పనిచేసే సాయిబుల కుర్రాణ్ణి నేనొక్కణ్ణే మరి.

నిర్ణయం తీసుకున్నాను. షేక్ సిలార్, బి.కాం., ఇవాళ్టి నుంచి కళ్ళు కిందికి. పరాయి ఆడవాళ్ళ ముఖం తెర మీదా చూడను, ఎదురుగానూ చూడను. ఇన్నాళ్ళూ వృథా చేశాను. ఇంక చాలు.

జూన్ 5

అద్భుతం! పొద్దున్నే కంప్యూటర్లన్నిటి తెరల మీదా హీరోయిన్ల బొమ్మలు తీసేసి పచ్చగడ్డి బొమ్మ పెట్టాను. ఓనరు అచ్చిబాబు గారు చూసి, "ఏంటి సిలారూ, మన సెంటరు పశువులాసుపత్రిలా ఉందేంటి?" అన్నారు. ఓర్చుకున్నాను.

సాయంత్రం తల దించుకుని వస్తూ ఎరువుల కొట్టు ముందు ఆగి ఉన్న ట్రాక్టరుకి గుద్దుకున్నాను. నుదురు బొప్పి కట్టింది. మనసు మాత్రం హాయిగా ఉంది.

జూన్ 7

చిన్న సందేహం. అనుకోకుండా పడిన మొదటి చూపు తప్పు కాదని, రెండోదే లెక్కలోకి వస్తుందని కూడా ఇమాం గారు చెప్పారు. ఇవాళ ఒక కస్టమరు తెరిచి వదిలేసిన పేజీ మూసేద్దామని కూర్చున్నాను. మన నెట్టు సంగతి తెలిసిందే, ఎవరో హీరోయిన్ ఫోటో పైనుంచి చారలు చారలుగా దిగుతోంది. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. నేను రెప్ప వేయలేదు. మొత్తం దిగేదాకా వేయలేదు. అంతా కలిపి ఒక్క చూపే!

కళ్ళు మండుతున్నాయి. తప్పు నాది కాదు, లైనుది.

జూన్ 9

కళ్ళు దించితే ఏం కనిపిస్తాయి? కాళ్ళు. ఈ సంగతి ఇమాం గారు చెప్పలేదు.

చెప్పుల్ని బట్టి మనుషుల్ని గుర్తుపట్టేస్తున్నాను. నీలం హవాయి అంటే ఇంటర్ మార్కుల కోసం వచ్చినమ్మాయి. ఎత్తుమడమలంటే కాన్వెంటు టీచరు గారు. మెట్టెలుంటే "రండి అక్కా", లేకపోతే "కూర్చోమ్మా". పక్కన జెరాక్స్ కొట్టు దుర్గాసాయి నేర్పిన విద్య ఇది. "మెట్టెల్లేకపోతే పెళ్ళి కానట్టేరా. ఇంక ముఖం చూసి తెలుసుకునేదేముంది?" అన్నాడు. నిజమే కదా.

జూన్ 11, శుక్రవారం

బురఖా. దాని కింద రెండు పాదాలు. గోరింటాకు, సన్నటి పట్టీలు. మెట్టెలు లేవు.

కువైట్ వాళ్ళతో కెమెరాలో మాట్లాడాలంది. చాటింగు ఐడీ లేదంటే మా సెంటరు ఐడీతోనే కలిపాను. "ఎటు చూడాలండి?" అని అడిగింది. నేల వైపు చూస్తూ "పైకి చూడండి" అన్నాను. అటు నుంచి మగగొంతు "తిన్నావా?" అంది. అన్నయ్య అయ్యుంటాడు. అన్నయ్యలు అలాగే అడుగుతారు.

పేరు ఆరిఫా. వారం వారం వస్తుందట. కెమెరా పాడైతే కబురు చెయ్యమని ఇంటి గుర్తులు చెప్పింది, పాత మార్కెట్టు వెనక వీధి. నాకే చెప్పింది.

జూన్ 15

ముఖం చూడలేదు. కళ్ళు చూడలేదు. అయినా నచ్చింది. ఇంతకంటే పరిశుద్ధమైన ప్రేమ ఈ జిల్లాలో ఉంటుందా?

అమ్మకి చెప్పేశాను. "పెళ్ళి కాలేదని నీకెలా తెలుసురా?" అంది. "తెలుసమ్మా" అన్నాను. ఆధారం ఏమిటో చెప్పలేదు.

జూన్ 18, శుక్రవారం

వచ్చింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆ కేబిన్ ముందు నేల ఊడ్చాను. తర్వాత తుడిచాను. మళ్ళీ ఊడ్చాను. ఇద్దరూ ఒకటే నవ్వులు. అన్నాచెల్లెళ్ళు ఇంత కలుపుగోలుగా ఉన్నారంటే మంచి కుటుంబమే.

ఊడ్చే పనిలో పడి జుమా నమాజు తప్పిపోయింది. శుభ్రత కూడా పుణ్యమే.

జూన్ 20

అమ్మ కాజాల పొట్లం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. అదే పొట్లంతో తిరిగొచ్చింది.

"ఆ పిల్లకి పెళ్ళయి రెండేళ్ళయిందిరా. కువైట్లో ఉన్నది మొగుడు. నేను పిల్లనిమ్మని అడిగింది ఎవర్నో తెలుసా? వాళ్ళత్తగార్ని."

"మెట్టెలు లేవమ్మా" అన్నాను.

"మెళ్ళో నల్లపూసలున్నాయి. కనబడకపోతే నోరుంది కదా, అడగొచ్చు. అయినా మన ఇళ్ళలో మెట్టెలెవరు పెడుతున్నార్రా? నాకున్నాయా?"

అమ్మ కాళ్ళు చూశాను. లేవు. మడమలు పగిలి ఉన్నాయి. బొటనవేలి గోరు నల్లబడి ఉంది, ఎప్పుడు దెబ్బ తగిలిందో నాకు తెలియదు. ఊళ్ళో అందరి చెప్పులూ చెప్పగలను. సిగ్గేసింది.

"అసలు సంగతి విను. నెట్ సెంటరు వాడు కన్నేశాడని వాళ్ళత్త ఆ పిల్లని గడప దాటొద్దంది. వారానికోసారి మొగుణ్ణి చూసుకునేది. అది కాస్తా పోగొట్టావు."

కన్నేయలేదు, దించాను అని చెప్పబోయాను.

జూన్ 22

అమ్మ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అత్తగారు బీబీజాన్ గారు అరుగు మీద బియ్యం ఏరుతున్నారు. నేను తల దించుకుని క్షమాపణ మొదలుపెట్టాను.

"నా కాళ్ళతో మాట్లాడతావేంటయ్యా?" అన్నారు.

తలెత్తాను. "తప్పు నాదండి. ఆవిడకేం తెలియదండి. కెమెరా గురించి తప్ప నాతో ఒక్క మాట అనలేదండి" అన్నాను.

తలుపు వెనక నుంచి ఆరిఫా గారి గొంతు వినిపించింది. "నేను చేసిన తప్పేంటండీ? మా ఆయన ముఖం చూసుకోడానికి వచ్చాను. నా ముఖం మీకు తెలీదు గానీ, మొగుడున్న దానికి సంబంధం వచ్చిందని మా వీధంతా తెలుసు."

"ఈసారి మీరూ రండి, అబ్బాయితో మీరూ మాట్లాడొచ్చు" అని బీబీజాన్ గారిని బతిమాలాను. ఆవిడ చాటలోంచి ఒక రాయి ఏరి పారేసి, "చూద్దాంలే" అన్నారు.

జూన్ 25, శుక్రవారం

జుమాకి వెళ్ళొచ్చాను. మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఈసారి చూపు కాళ్ళ దగ్గర ఆపను, కీబోర్డు మీదే ఉంచుతాను. అక్షరాలున్నాయి, చదువుకోవచ్చు.

కెమెరా తుడిచి పెట్టాను. తెర మీద కువైట్ ఆయన పేరు పక్కన పసుపు బొమ్మ వెలిగింది, లైన్లోకి వచ్చాడన్నమాట. "ఆరిఫా వచ్చిందా అండి?" అని టైపు చేశాడు.

"ఇంకా లేదండి" అని కొట్టాను.

"సరేనండి, ఉంటాను. కాస్త చూడండి" అన్నాడు.

నిర్ణయం రేపటి నుంచి. ఇవాళ గుమ్మం వైపు చూడాలి.