మీథేన్ గీతలు, దొంగత్రాసు వాక్యం

కెమ్నిట్జ్, జర్మనీ, ఆదివారం రాత్రి

ఈరోజు మన తెలుగు సంఘం ఆరాధనలో, ప్రసంగం మధ్య తెర మీద రెండు గీతలు చూపించాను. బండ్ల నుంచి వచ్చే మీథేన్ జర్మనీలో ఏటేటా తగ్గుతోంది, మన దేశంలో పెరుగుతోంది. మారుమనస్సు అంటే ఇదీ అన్నాను. మాస్టర్స్ చదివే కిరణ్ వెనక వరుసలోంచి లేచాడు.

"అన్నా, మనిషికింత అని లెక్కేసినవా? మనమెంతమందిమి, వీళ్లెంతమంది?"

సంఘమంతా నవ్వింది. ఇక నేను చెప్పే వాక్యం ఎవరు నమ్ముతారు?

ఇంటికొచ్చి లెక్క వేశాను. వాడన్నది నిజమే, మనిషికి చూస్తే ఇక్కడివాళ్లదే ఎక్కువ. కానీ వాడు చూసింది ఈ ఒక్క ఏడే. వెనకటి ఏళ్లు కలిపితే, మనిషి లెక్కనైనా జర్మనీ గీత దిగుతూనే ఉంది. వచ్చే ఆదివారం సామెతల్లోని 'దొంగత్రాసు యెహోవాకు హేయము' అన్న వాక్యం వాడిచేతే చదివిస్తాను. చదివాక కూర్చోనివ్వకుండా ఆ పాత ఏళ్లు తెర మీద వేస్తాను.

ఆ రోజుకు ప్రకటించిన అంశం క్షమాపణ. దాన్ని ఇంకో వారానికి జరపాలి.