వంగతోట పరీక్షకు చెప్పకుండా రమ్మని

శ్రీకాకుళం జిల్లా వ్యవసాయ యంత్రాల పరిశీలనాధికారి గారి సముఖమునకు,

కోటబొమ్మాళి మండలం బొంతలపేట వాస్తవ్యుడు, మోటార్ల మెకానిక్కు మరియు సేంద్రియ కూరగాయల రైతు కొండబాబు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కలుపు తీయు రోబోపై తమరు విధించిన నిలుపుదలను ఎత్తివేసి, మరల పరీక్షించి, అమ్మకమునకు యోగ్యతాపత్రం ఇప్పించుట గురించి; సదరు పరీక్షకు తమరు చెప్పకుండా వచ్చుట గురించి.

1. మేము మందులు కొట్టకుండా కూరగాయలు పండించువారము. మందు కొట్టని చేలో వంగ కన్నా గడ్డి ముందు లేస్తుంది. నా భార్య దాలమ్మ ఇన్నేళ్ళూ బొరిగె పట్టుకుని ఆ గడ్డి తీసి తీసి నడుం పోగొట్టుకుంది. ఇక వంగవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. కూలికి మనుషులు దొరకరు. అందుచేత పాత స్ప్రేయరు బ్యాటరీకి కెమెరా, చక్రాలు, ఒక ఇనుపచెయ్యి కూర్చి రోబోను తయారు చేసితిని. అది వరసల మధ్య తిరుగుతూ వంగమొక్కను గుర్తుపట్టి వదిలేస్తుంది. తక్కిన ప్రతి మొక్కనూ వేళ్ళతో సహా పీకేస్తుంది.

2. శ్రీకాకుళంలో పనిముట్లు అమ్మే ధనరాజ్ గారు దానిని చూసి, యోగ్యతాపత్రం తెస్తే దుకాణంలో పెడతానన్నారు. మా సేంద్రియ సంఘం వారు కొంటామన్నారు. కాబట్టి తమరిని పరీక్షకు పిలుచుకొంటిని. నా కష్టాలు అక్కడ మొదలైనవి.

3. మా ఊరికి ఆఫీసరు వస్తే రోడ్డు ఊడ్చి, బడిగోడకు సున్నం వేసి, కుక్కల్ని కట్టేయుట ఆనవాయితీ. ఈసారి ఆ మర్యాద నా వంగతోటకు కూడా జరిగింది. తమరు వచ్చే రోజు తెల్లారి వెళ్ళేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని గడ్డి పీకేస్తున్నారు. వ్యవసాయ సహాయకురాలు సుహాసిని గారు గట్టు మీద నిలబడి పురమాయిస్తున్నారు.

"ఆ గడ్డి కోసమే గదమ్మా ఆయనొస్తన్నది!" అని మొత్తుకున్నాను.

"ఊరుకోండి కొండబాబు గారూ, ఫొటోలో గడ్డి పడిందంటే నాకు మెమో వస్తాది" అన్నారామె.

మా సంఘం పెద్ద జోగయ్య మావ నన్నే కసిరాడు. "ఒరే, ఆఫీసరుకి గడ్డి సూపిత్తావేట్రా? బుద్దున్నాదా నీకు?"

కూలి ఇస్తామన్నా దొరకని మనుషులు ఆ రోజు ఉచితంగా వచ్చారని మనవి.

4. తమరు వచ్చిరి. శాలువా కప్పితిమి. వచ్చిన ఆఫీసరు చేత మొక్క నాటించుట కూడా ఆనవాయితీయే గనుక, ఫొటో పచ్చగా వస్తుందని, వంగ వరస మొదట్లోనే మా ఊరివాళ్ళు తమరి చేత చిన్న కానుగ మొక్క నాటించిరి. నేను నోరు తెరిచేలోగా తమరు "కానివ్వండి" అన్నారు. స్విచ్చి నొక్కితిని.

5. ఆ తరువాత జరిగినది తమరు ఎరుగుదురు. తోట మొత్తంలో వంగ కానిది ఆ ఒక్క మొక్కే. రోబో నేరుగా వెళ్ళి దానిని పీకి గట్టు మీద పెట్టింది. తమరు పెద్ద మనసుతో మళ్ళీ నాటారు. అది మళ్ళీ పీకింది. విలేకర్లు చప్పట్లు కొట్టుటలో నా ప్రమేయం ఏమీ లేదు. నాటినవారి హోదా చూసుకుని పీకమని దానికి నేర్పకపోవుట మాత్రం నా లోపమే.

6. "సదరు యంత్రము ఒక్క కలుపు మొక్కనైనను తీయలేదు. ప్రభుత్వ మొక్కకు నష్టము కలిగించినది. తదుపరి ఉత్తర్వుల వరకు వాడరాదు, అమ్మరాదు" అని తమరు నివేదిక రాసితిరి. అప్పటి నుంచి రోబో పాకలో టార్పాలిన్ కింద ఉన్నది. దాలమ్మ చేలో ఉన్నది. పొద్దున్నే మంచం మీంచి లేవడానికి నా భుజం పట్టుకుంటుంది. అది చూస్తే నాకు ఏడుపొస్తుంది. అర్జీలో ఇలాంటివి రాయవచ్చునో లేదో తెలియదు, రాశాను.

7. సంఘంలో కొందరు గడ్డిమందు కొట్టేద్దామంటున్నారు.

కావున పరీక్ష మళ్ళీ పెట్టించ ప్రార్థన. తేదీ నాకు కూడా చెప్పవద్దు. సుహాసిని గారికి అసలే చెప్పవద్దు. జీపు కోటబొమ్మాళిలో ఆపి, ఆటో ఎక్కి, వంకాయలు కొనేవారిలా రండి. పరీక్షకు కొరత రాకుండా పెరటివైపు రెండు వరసలకు తడిక కట్టి, నీళ్ళు పోసి, గడ్డిని చంటిపిల్లలా పెంచుతున్నాను. కలుపు తీసే యంత్రం చేసినవాడికి కలుపు పెంచుకునే గతి పట్టినదని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
కొండబాబు

తా.క.: పైది కోటబొమ్మాళి జిరాక్సు షాపులో టైపు చేయించాను. టైపు చేసినాయన ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు. నేను ఊరు చేరేసరికి బడిగోడకు సున్నం పడుతోంది. పెరట్లో తడిక తీసేసి ఉంది. రెండు వరసల్లో ఒక్క గడ్డిపరక లేదు. పక్కన దాలమ్మ లేవలేక కూర్చుని నాకేసి చెయ్యి చాపింది.

"ఆఫీసరుగారు మళ్ళీ వస్తన్నారంట గదా! ఇంత గడ్డి దాసినావేటి? సిగ్గు నేదేటి నీకు?" అన్నాది.

ఆమెను లేపి మంచం మీద పడుకోబెట్టి ఈ నాలుగు ముక్కలూ చేత్తో రాస్తున్నాను. అయ్యా, పైన రమ్మని రాసినది కొట్టివేయండి. రావద్దు. అక్కడే కూర్చుని సంతకం పెట్టి పంపండి. తమరు వస్తారంటే ఆమె మళ్ళీ వంగుతుంది.