సంతకం కింద టైము లేదు

ఆశులియా,
శుక్రవారం, 8 నవంబరు 2019

హస్నా వాళ్ళ అన్నయ్యగారికి,

మీ మర్జీనా సలాములు. అల్లా దయవల్ల మీరు అక్కడ ఒంట్లో బాగుండి, వేళకి తింటూ, ఎండలో తలకి గుడ్డ కట్టుకుని పని చేస్తున్నారని తలుస్తున్నాను. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. మీరు పంపిన నూనె రాస్తున్నాను. పెళ్ళయి మూడేళ్ళయినా మీ పేరు రాయడానికి చెయ్యి రాదు, అందుకే ఎప్పటిలా హస్నా అన్నయ్యగారికి అని రాశాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటారు. ఉన్నది ఒక్క గది. నేను ఫోను పట్టుకుంటే ఒక పక్క అత్తమ్మ, ఇంకో పక్క మంచం మీద హస్నా. వాళ్ళ ముందు నోరు పెగలదు. సెలవు అయిపోయి రేపు కుద్దూస్ అన్న మీ దగ్గరికి, ఒమాన్‌కి బయల్దేరుతున్నాడు కదా, ఆయన చేతికి ఇస్తాను. అయిదో తరగతి చదువు, తప్పులుంటే మన్నించండి.

హస్నా లేచి కూర్చుంటోంది. రెండు ముద్దలు తింటుంది, గోడకేసి తిరిగి పడుకుంటుంది. ఇంక కడుపు పండే మాట లేదని డాక్టరమ్మ తన ముందే చెప్పేసింది. రక్తం ఆగలేదట, గర్భసంచి తీసేయక తప్పలేదట. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆ మాట అలా మొహాన చెప్పొచ్చా? బిడ్డ ఆడపిల్ల. ఆరో నెల. తండ్రి కదా, తోఫాజల్ తనే చిన్న గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చాడు. రోజూ సాయంత్రం వస్తాడు, హస్నా కాళ్ళ దగ్గర కూర్చుంటాడు, పోతాడు.

అత్తమ్మ ఫోనులో అంతా చెప్పింది గానీ, ఫ్యాక్టరీలో ఏం జరిగిందో ఆమెకి సరిగా తెలియదు. మొదటి నుంచీ నేనే రాస్తాను.

ఆడవాళ్ళని సూపర్‌వైజర్లని చేస్తామని ఆరు వారాలు తరగతులు పెట్టిన సంగతి మీకు తెలుసు. పాఠాలు చెప్పేది నస్రీన్ ఆపా, మాకు పెద్దక్కలాంటిది. మొదటి రోజు మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్ళి, ఒక్కొక్కరినీ ఒక మూల నిలబెట్టి, అవతలి మూల దాకా వినిపించేలా పేరూ ఊరూ అరిచి చెప్పమంది. నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. "ఏం మర్జీనా, నీ ఊరు నదిలో మునిగిపోయిందా? చెప్పడానికి అంత సిగ్గా?" అని ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు. మా ఊరు నిజంగానే నది కోసుకుపోయిందని ఆమెకి తెలియదు పాపం. నాకు ఒళ్ళు మండి అరిచాను. కింద టీ కొట్టులో వాళ్ళు కూడా తలెత్తి చూశారట. ఆ రోజే నాకో గొంతు ఉందని తెలిసింది.

ఆపా మంచిదే. ఎవర్నీ తిట్టకుండా పని చేయించాలనేది. నాయకురాలు ముందు వినాలి, తర్వాతే మాట్లాడాలి అనేది. తనవాళ్ళని ఒకలా, పరాయివాళ్ళని ఒకలా చూడకూడదు అనేది. ఆ చివరి మాట కింద నా పుస్తకంలో రెండు గీతలు గీసుకున్నాను. ఎందుకంటే నాకు ఇచ్చింది హస్నా ఉన్న లైనే. కాలరు అంటించే మిషను తనది. కాలరు దగ్గర ఆగితే వెనకాల అన్నీ గుట్టలు పడతాయి, ముందున్నవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. మా లైనుకి గంటకి నూట ఇరవై చొక్కాలు. ప్రతి గంటకీ ఆ అంకె బోర్డు మీద నేనే రాయాలి. మూడు నెలలు అలా నిలబడితేనే ఉద్యోగం ఖాయం.

మొదటి రోజే మన కోహినూర్ ఆపా అందుకుంది. కఫ్‌లు కుట్టే ఆవిడ, తొమ్మిదేళ్ళుగా అదే మిషను మీద ఉంది. "వదినేమో సూపర్‌వైజరు, ఆడపడుచేమో రాణి. ఇంక మనమెందుకర్రా, ఇంటికి పోదాం, వాళ్ళిద్దరే కుట్టేసుకుంటారు" అంది. లైనంతా ఒకటే నవ్వు. హస్నా ఊరుకుంటుందా? "రాణినైతే ఇక్కడెందుకు నడుం విరగ్గొట్టుకుంటాను కోహినూర్ ఆపా? నీ చేతికి విసనకర్ర ఇచ్చి పక్కన నిలబెట్టుకుందును" అంది. హస్నా తేలిగ్గా తీసుకుంది గానీ నాకు ఆ మాట ముల్లులా దిగింది. మర్నాటి నుంచి తనని అందరికన్నా ఎక్కువ గదమాయించాను. మంచినీళ్ళకి లేచినా చివరి వంతు తనదే. ఇంటికొచ్చాక "ఏం మేడమ్, ఇప్పుడైనా నీళ్ళు తాగమంటారా?" అని వెక్కిరించేది.

కిందటి నెల ఇరవై తొమ్మిదిన, మంగళవారం, మా దగ్గర చొక్కాలు కొనే విదేశీయులు వచ్చారు. ఆడ సూపర్‌వైజర్లని చూస్తారట, ఫోటోలు తీస్తారట. పొద్దున్నే ప్రొడక్షన్ మేనేజరు సలీం సార్ మా అందర్నీ నిలబెట్టి చెప్పాడు. "ఇవాళ ఏ మిషనూ ఖాళీగా కనిపించకూడదు. కనిపించిందా, రేపట్నుంచి ఆ మిషను మీద మీరే కూర్చుంటారు. మీ సర్టిఫికెట్లు మీ అత్తలకి చూపించుకోండి." ఆయన నోరు అంతే. మంచిమాట కూడా తిట్టినట్టే ఉంటుంది.

పది గంటలకి హస్నా నడుం నొప్పిగా ఉందంది. భోజనం వేళ దాకా ఓర్చుకోమన్నాను. పదకొండు కావస్తుంటే మళ్ళీ పిలిచింది. "వదినా, కిందికి లాగేస్తోంది. వెళ్ళిపోతాను" అంది. మొహం తెల్లగా ఉంది. వెంటనే పాసు రాశాను. నేను రాసి, సలీం సార్ సంతకం పెడితేనే గేటు తెరుస్తారు. సంతకం కోసం వెళితే సార్ ఎక్కడా కనిపించలేదు. పైకీ కిందికీ తిరిగాను. ఆయన వచ్చినవాళ్ళతో ఉన్నాడు, దగ్గరికి పోనివ్వలేదు. ఆ కాగితం చేతికొచ్చేసరికి పన్నెండున్నర. నేను పరిగెత్తుకొచ్చేసరికి హస్నా మిషను మీదికి ఒరిగిపోయి ఉంది. కుర్చీ కింద చూసి కోహినూర్ ఆపా కేక పెట్టింది. ఆపా, నేను ఇద్దరం ఎత్తుకుని గేటు దాకా తీసుకెళ్ళాం. తర్వాతది మీరు విన్నదే.

మర్నాడు మూడు అంతస్తుల్లోనూ పనివాళ్ళంతా కోపంతో మిషన్లు ఆపేశారు. సలీం సార్‌ని పనిలోంచి పక్కన పెట్టారు. ఆయనేమో తను పదకొండింటికే సంతకం పెట్టానంటున్నాడు. ఎవరు నమ్ముతారు? ఆయనకి సంతకం కింద టైము వేసే అలవాటు లేదు. గేటు పుస్తకంలో మాత్రం పన్నెండూ నలభై అని ఉంది. ఎల్లుండి, ఆదివారం, కమిటీ కూర్చుంటుంది. యజమాని వైపు అయిదుగురు, పనివాళ్ళ వైపు అయిదుగురు. ఆ పాసు రాసింది నేను, పట్టుకెళ్ళింది నేను. నా మాట మీదే తేలుతుంది. కాగితం ఆయనే ఆపాడని నేను చెబితే ఆయన ఉద్యోగం పోవడమే కాదు, తోఫాజల్ పోలీసు కేసు కూడా పెడతానంటున్నాడు.

ఆయన ఇల్లు మన వెనక సందులోనే. ఎవరో తలుపు మీద పేడ కొట్టారు. మొన్న ఆయన భార్య మొహం నిండా కొంగు కప్పుకుని మన ఇంటికి వచ్చింది. "చెల్లీ, ఆయన నోరు చెడ్డదే, నేనూ పడుతున్నాను. కానీ సంతకం పెట్టానని కురాన్ మీద చెయ్యేసి చెబుతున్నాడు. ఒక్కసారి బాగా గుర్తు తెచ్చుకో" అని నా చెయ్యి పట్టుకుంది. అత్తమ్మ చీపురు తీసింది. "నా మనవరాలిని మట్టిలో పెట్టించి, ఇప్పుడు మొసలి కన్నీళ్ళు కారుస్తావా! నడు!" అని వీధి దాకా తరిమింది. ఆమె చెప్పు ఒకటి మన గుమ్మంలోనే ఉండిపోయింది. హస్నా గోడవైపు నుంచి తిరగలేదు.

మీరు ఫోనులో "వాణ్ణి వదలొద్దు" అన్నారు. "నువ్వు పక్కన ఉండబట్టి నా చెల్లెలు ప్రాణాలతో ఉంది" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. అయినా పెద్దవాళ్ళు చెప్పినట్టే నడుచుకుంటాను. మీ ఆజ్ఞ ఇదే కదా, ఆదివారం అలాగే చెబుతాను. మీ ఆరోగ్యం చూసుకోండి. మా గురించి దిగులు పెట్టుకోకండి.

ఎప్పటికీ మీ మాట దాటని,
మర్జీనా

తా.క. పేరు రాసేశాక గంట సేపు కూర్చున్నాను. పైనంతా చింపేసి మళ్ళీ రాద్దామనుకున్నాను. చింపలేదు. ఇంట్లోవాళ్ళకి పది రోజులుగా చెబుతున్నది అదే, మీరూ చూడండి.

సలీం సార్ కనిపించాడు. మెట్ల దగ్గరే, పదకొండూ పదికి. కాగితం గోడకి ఆనించి సంతకం పెట్టాడు. "కడుపుతో ఉన్నదాన్ని కూర్చోబెట్టి నా వెంట తిరుగుతావేం, బుద్ధి ఉందా? ముందు పంపించి తర్వాత చెప్పాలి. ఆఫీసు వ్యాను తీసుకెళ్ళు" అని తిట్టాడు. నేను లైను దగ్గరికి వచ్చాను. నా చేతిలో కాగితం చూసి కోహినూర్ ఆపా "వెళ్ళండమ్మా వెళ్ళండి. మేము జ్వరంతో వణికినా మాకు పాసులు రావు" అంది. అందరూ నావైపే చూశారు. కాలరు మిషను దగ్గర కూర్చోబెట్టడానికి వేరే మనిషి లేదు. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సార్ దొరకలేదని చెప్పాను. వచ్చినవాళ్ళు ఒక్కసారి చూసి వెళ్ళిపోగానే పంపేద్దాం, ఇంతలో ఏమవుతుందిలే అనుకున్నాను. వాళ్ళు పన్నెండు దాటాక వచ్చారు. లైను ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. నేను నవ్వాను.

ఆ కాగితం గంటా ఇరవై నిమిషాలు నా దగ్గరే ఉంది.

హస్నాకి తెలుసు. నేను జేబులో పెట్టుకోవడం చూసిందట. మొన్న అత్తమ్మ బయటికి వెళ్ళినప్పుడు తనే చెప్పింది. "ఇస్తావులే అని చూశాను వదినా. నలుగురి ముందు నిన్ను అడిగితే నీ పరువు పోతుందని ఊరుకున్నాను" అంది. తర్వాత, "ఆ గంటలో మన లైను ఎన్ని కుట్టింది?" అని అడిగింది. నూట ఇరవై మూడు అని చెప్పాను. తల ఊపింది. మళ్ళీ గోడవైపు తిరిగింది.

ఆదివారం కమిటీలో ఇదే చెబుతాను. మీ అనుమతి అడగడం లేదు. అడిగేంత ధైర్యం ఉంటే ఫోనులోనే చెప్పేదాన్ని. మీ జవాబు వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. నన్ను ఇంట్లో ఉంచుతారో పంపేస్తారో అది మీ ఇష్టం.

అత్తమ్మకి చదువు రాదు. ఇప్పుడు నమాజు చేసుకుంటోంది. లేవగానే ఈ చివరి పేజీ ఆమెకి చదివి వినిపిస్తాను. ఆ తర్వాతే కవరు అంటిస్తాను. ఇది మీకు అంటించి వచ్చిందంటే, చదివానని అర్థం చేసుకోండి.