రెండు గాట్ల నల్లబిళ్ల

విమానాశ్రయంలోని చేతిపనుల దుకాణం మేనేజరు ప్రసన్నలక్ష్మి గారికి,

శంషాబాద్ కాపురస్తురాలు, కుర్మ రేణుకమ్మ, వయసు డెబ్బయి రెండు, ఇంట్లో నేనూ, మనవరాలు అఖిలా, ఎనిమిది గొర్రెలూ. నేను చెప్పి రాయించే సంగతి ఏమంటే, ఉన్ని ఏకి, సబ్బునీళ్లతో పిసికి, గట్టిపడ్డాక పూసలు కుట్టి చేసిన పిన్ను బిళ్లలు నలభై మీకు పంపాము. అందులో నల్లవాటిలో ఒకటి అమ్మడానికి కాదు. అఖిల పొరపాటున పెట్టెలో వేసింది. దాని అంచున రెండు గాట్లుంటాయి. తిరిగి పంపగలరు.

తా.క. గాట్లు చూడటం చేతకాకపోతే గొర్రెలు కాసేవాళ్లనెవరినైనా పిలిపించుకోండి. సిగ్గుపడొద్దు.

రేణుకమ్మ వేలిముద్ర
సాక్షులు: రాసిన స్వరాజ్యం, పక్కింటి వీరేందర్

*

గౌరవనీయులైన రేణుకమ్మ గారికి నమస్కారములు.

మీ సరుకులో లోపాన్ని మీరే తెలియజేసినందుకు అభినందనలు. ఒక్కటే కాదండీ, అన్నింటి అంచులూ చిరిగే ఉన్నాయి. దిగులుపడకండి. మా అమ్మాయిలు అన్నీ కుట్టేసి, పైన పూసలు పొదిగారు. ఇప్పుడు ఎక్కడ చిరిగిందో ఎవరూ కనిపెట్టలేరు.

ఇట్లు,
ప్రసన్నలక్ష్మి

తా.క. మీ కత్తెర పాడయినట్టుంది. కొత్తది పంపమంటారా?

*

ప్రసన్నలక్ష్మికి, (‘గారు’ తీసెయ్యమంది, తీసేశాను. – స్వరాజ్యం)

అవి చిరుగులు కావు. మందలు కలిసినప్పుడు ఎవరి గొర్రె ఎవరిదో తెలియాలని మావాళ్లు చెవికి గాటు పెడతారు. మా ఇంటికి ఒక గాటు. బిళ్లలకూ అదే పెట్టాను. ఆ నల్లదానికి మాత్రం రెండు పెట్టాను, వేరుగా తెలియాలని. మా ఆయన కుర్మయ్య నిరుడు పోయాడు. గొంగడి కప్పి పూడ్చారు. పూడ్చే ముందు దాని అంచున జానెడు కోసుకున్నాను. ఆ ఉన్ని విప్పి చేసిన బిళ్ల అది.

“జర సోచాయించు బిడ్డా. ఆయనది నా తాన గదొక్కటే ఉండె.” (ఆమె అన్నది అన్నట్టే రాశాను. – స్వరాజ్యం)

అఖిల మూడు దినాలుగా అన్నం ముట్టడం లేదు. “నా చేతులతోనే తాతను అమ్మిన” అంటోంది.

తా.క. కత్తెర మీరే ఉంచుకోండి. గొర్రె చెవి మీద మాత్రం పెట్టకండి.

రేణుకమ్మ వేలిముద్ర
సాక్షులు: స్వరాజ్యం, వీరేందర్

*

రేణుకమ్మ గారికి,

మీ ఉత్తరం చదివి మా అమ్మాయిలందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. మీ ఆయన జ్ఞాపకం నిలవాలన్న మీ కోరిక అర్థమైంది. వెంటనే ప్రతి నల్లబిళ్లకూ ‘కుర్మయ్య గారి స్మృతిలో’ అని చీటీ కట్టాము. ప్రయాణికులు ఎగబడి కొనుక్కుపోయారు. మూడే మిగిలాయి. మీది వీటిలో ఉందేమో చూసుకోండి.

ఇట్లు,
ప్రసన్నలక్ష్మి

తా.క. ఆయన ఫొటో ఉంటే పంపండి. చీటీ మీద వేయిస్తాము.

*

ప్రసన్నలక్ష్మి గారికి,

మూడూ అందాయి. గాట్లు మీవాళ్లు కుట్టేశారు గనుక, కళ్లు మూసుకుని తడిమాను. ఎదురుగా అఖిల, “గుర్తువట్టినవా అవ్వా?” అని గుడ్లప్పగించి నిలబడింది.

ఇరవై ఏళ్లు వానకు తడిసిన గొంగడి ఉన్ని గరుకు వేరు. ఈ మూడూ మొన్నటి గొర్రెపిల్లల మెత్తటి ఉన్ని. ఆయన వీటిలో లేడు. పుట్టి ఏనాడూ విమానం ఎక్కనివాడు, ఏ ఊళ్లో దిగాడో.

మధ్యదాన్ని తీసి, “గిదేనే, మీ తాత” అన్నాను. పిల్ల బోరున ఏడ్చి, రెండు కంచాల అన్నం తిన్నది.

అసలుది ఎవరైనా తిరిగి తెచ్చిస్తే ఇంటికి ఉత్తరం రాయకండి. అఖిల చదువుతుంది. స్వరాజ్యానికి కబురు పెట్టండి.

తా.క. అఖిల పొద్దున్నే ఆ బిళ్లను నా రవికకు పెట్టి, “తాతతోని మాట్లాడు” అంటోంది. మాట్లాడుతున్నాను. నిన్న కోపమొచ్చి తిట్టాను కూడా. పలకలేదు. “ఆయన గూడ గంతే ఉండె.”

రేణుకమ్మ వేలిముద్ర
సాక్షి: స్వరాజ్యం ఒక్కతే. వీరేందర్ నోట్లో మాట ఆగదు.