ఓబుళేసు మిషన్‌లో ఒకటో పని

బెంగళూరు, 8-6-1986

అత్తకు ఓబుళేసు నమస్కరించి రాయునది.

నా మతిమరుపుకు మందు దొరికింది. ఆఫీసు కంప్యూటరులో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. పని పేరు కొడితే జాబితాలో చేరుతుంది. పని ముగిశాక ‘డన్’ అని కొడితే మాయమవుతుంది. అందాకా రోజూ పొద్దున తెర మీద చూపించి నా ప్రాణం తీస్తుంది. నీ పనులేమైనా ఉంటే రాయించు, ఎక్కిస్తాను.

ఇట్లు,
నీ మేనల్లుడు ఓబుళేసు

తా.క.: ‘టీ తాగాలి’ అని కూడా ఎక్కించాను. ఇప్పటిదాకా అదొక్కటే డన్ అయింది.

బెళుగుప్ప, 20-6-1986

చిరంజీవి ఓబుళేసుకు మేనత్త తిప్పమ్మ దీవించి రాయించినది.

నాకు రాయను రాదు కదా, చెప్తాంటే ఒకాయప్ప రాస్తాండాడు. నీ మిషన్‌లో ఒకటే పని ఎక్కించు. మీ అన్న కుళ్ళాయప్పతో మాట్లాడాల. బోరు యాడ వేయాల అని కొట్లాడుకొని మూడేండ్లాయె. నువ్వు చూపించిన తావునా నీళ్లు పడల్యా, ఆయప్ప చూపించిన తావునా పడల్యా. ఇంక ఎవురు గెలిచినారని ఈ బిగువు? మీ నాయన పోయినాక ఇద్దరినీ సాకింది నేనే. నేనుండంగానే మాట్లాడుకోండి.

మీ అత్త

తా.క.: ఇది రాయనని రాసేటాయప్ప కలం కింద పెట్టినాడు. సంగటి పెట్టనంటే రాసినాడు.

బెంగళూరు, 2-7-1986

అత్తకు నమస్కారాలు.

ఎక్కించాను. రోజూ తెర వెలగ్గానే ‘1. అన్నతో మాట్లాడాలి’ అంటోంది. అచ్చం నీ గొంతే. ఆ మాట చూసినప్పుడల్లా తల దించుకుంటున్నాను.

ఇట్లు, ఓబుళేసు

తా.క.: మా ఆఫీసరు కూడా చూశాడు. ఇప్పుడు నన్ను ఇద్దరు అడుగుతున్నారు.

బెళుగుప్ప, 25-7-1986

ఓబుళేసుకు దీవెనలు.

డన్ కొడితే మాయమైతాదంటివి కదప్పా! వాన ల్యాదు. శనక్కాయ విత్తనం ఇంట్లోనే ఉండాది. ‘కరువు’ అని ఎక్కించి డన్ కొట్టు. పక్కింటి చౌడమ్మ తన మోకాలినొప్పి కూడా ఎక్కించమనె.

మీ అత్త

తా.క.: మిషను చిన్నదైతే ముందు మా చేను వరకే కొట్టు.

బెంగళూరు, 5-8-1986

అత్తకు నమస్కారాలు.

మిషను పని చేయదు, గుర్తు చేస్తుందంతే. చేయాల్సింది మనమే. కానీ అది అబద్ధం చెప్పదు. ఒకటో పనికి ఈరోజే డన్ కొట్టాను.

ఇట్లు, ఓబుళేసు

తా.క.: చౌడమ్మను నీలగిరి తైలం రాసుకోమను.

బెళుగుప్ప, 14-8-1986

ఓబుళేసుకు,

డన్ అంటివే అని వీధంతా బెల్లం పంచినా. మీ అన్నను అడిగితే “నాతో యాడ మాట్లాడినాడు?” అనె. మిషను అబద్ధం చెప్పదంటివి. మరి చెప్పిందెవురు? నాకు ఏడుపొచ్చింది.

మీ అత్త

తా.క.: పంచిన బెల్లం ఎట్ల వాపసు అడిగేది?

బెంగళూరు, 22-8-1986

అత్తకు, ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న అన్నకు ఓబుళేసు నమస్కారాలు.

అత్తా, నేను అబద్ధం చెప్పలేదు. నీ మొదటి ఉత్తరం చూసినప్పుడే రాత గుర్తుపట్టాను. నాకు పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఈ రెండు నెలలూ నా ప్రతి ఉత్తరం చదివింది అన్నే, ప్రతి జవాబూ రాసింది అన్నే. ఇంతగా మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందుకే డన్ కొట్టాను. తానే బయటపడతాడని చూశాను, పడలేదు.

అన్నా, ఆ రోజు నోరు జారింది నేనే. క్షమించు. వచ్చే శనివారం బస్సుకు వస్తున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు ఓబుళేసు

తా.క.: అన్నా, ఈసారి అత్త చెప్పింది కాకుండా నీ మాట రాయి.